ట్రాలీకి అంటించిన ఆ కాగితాన్ని చించేయకండి

ప్రశ్న: మా కంపెనీ గోడౌన్ల కోసం మా టీమ్ ఒక స్కానింగ్ యాప్ తయారు చేసింది. చేతిలో పట్టుకునే స్కానర్లలో నడుస్తుంది. సరుకు పెట్టేటప్పుడు అర మీది బార్‌కోడ్, పెట్టె మీది బార్‌కోడ్ స్కాన్ చేసి, ఎన్ని పెట్టెలో కొట్టి, సేవ్ నొక్కాలి. ఇంత సులువైన పని కూడా వర్కర్లు సరిగా చేయడం లేదు. అరల బార్‌కోడ్లన్నీ ప్రింట్ తీసి ట్రాలీకి అంటించుకున్నారు. ర్యాకుల వరస చివర నిలబడి అక్కడి నుంచే అన్నీ కొట్టేస్తున్నారు. సిస్టమ్‌లో ఒక అరలో ఉన్నట్టు చూపించే సరుకు వెళ్లి చూస్తే అక్కడ ఉండదు. కొన్ని స్కాన్లు రెండుసార్లు పడుతున్నాయి. రెండుసార్లు ట్రైనింగ్ ఇచ్చినా మార్పు లేదు. ప్రతి స్కాన్‌కూ ఫోటో తప్పనిసరి చేయాలని, గంటకు ఎవరు ఎన్ని స్కాన్లు చేశారో స్క్రీన్ మీద చూపాలని మేనేజర్ అంటున్నారు. వేలికి తొడుక్కునే స్కానర్లు కొనాలనే ఆలోచన కూడా ఉంది. ఏది ముందు చేయాలి?

సమాధానం:

ఫోటో మాత్రం పెట్టకండి. మిగతా జవాబు సంగతి ఎలా ఉన్నా ఈ ఒక్క మాట మీ మేనేజర్‌కు ఈ రోజే చేరవేయండి. ఒక్కో పెట్టెకు ఇప్పటికే నాలుగు పనులు చేయిస్తున్నారు, ఐదోది కలిపితే వాళ్లు దాన్ని దాటే దారి కూడా వెతుక్కుంటారు, అలా వెతుక్కున్నందుకు వాళ్లను తప్పుపట్టలేం. సరుకు సర్దడం వాళ్ల పని. స్కాన్ అనేది ఆ పని మధ్యలో మనం తెచ్చిపెట్టినది. అది అడ్డం పడకుండా చూడాల్సిన బాధ్యత మనదే.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది ఆ కాగితమే. ఒకసారి ఆలోచించండి, పని ఎగ్గొట్టాలనుకునే మనిషి అరల బార్‌కోడ్లన్నీ ప్రింట్ తీసి, వరసగా కత్తిరించి, టేపు వేసి ట్రాలీకి అంటించుకునేంత శ్రమ ఎందుకు పడతాడు? పని తొందరగా ముగించాలనుకునేవాడే ఆ శ్రమ పడతాడు. కాబట్టి దాన్ని చించేయకండి. వెళ్లి దగ్గరగా చూడండి. అన్ని అరల కోడ్లూ ఉన్నాయా, లేక కొన్నివేనా? వేళ్లు తగిలి మాసిపోయినవి ఏవి? పై వరస అరలవే ఎక్కువ మాసిపోతే అక్కడి లేబుల్ అందడం లేదని అర్థం. ఒకే వరస ర్యాకులవి అయితే అక్కడ నెట్‌వర్క్ లేదేమో చూడాలి. ఎప్పుడూ నిండి ఉండే అరలవైతే అది ఇంకో కథ, దాని గురించి కింద చెప్తాను.

ఇలాంటిది ఆసుపత్రుల్లోనూ జరిగింది. మందు ఇచ్చే ముందు రోగి చేతి పట్టీ మీది బార్‌కోడ్, మందు మీది బార్‌కోడ్ నర్సు స్కాన్ చేయాలి. అమెరికాలో రాస్ కోపెల్ బృందం కొన్ని ఆసుపత్రుల్లో పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ పద్ధతిని దాటవేసే దారులు 15 రకాలు, వాటి వెనక కారణాలు 31 రకాలు కనిపించాయి. రోగుల బార్‌కోడ్లకు అదనపు కాపీలు తీసి బండి మీదా, గుమ్మం పక్కనా అంటించుకోవడం వాటిలో ఒకటి. అచ్చం మీ ట్రాలీ లాగే. కారణాలేమిటో చూస్తే, పాడైపోయిన పట్టీలు, చదవలేని లేబుళ్లు, అయిపోయిన బ్యాటరీలు, అందని వైర్‌లెస్ సిగ్నల్. ప్రాణాలతో ముడిపడ్డ చోట, పనిమీద శ్రద్ధ ఉన్నవాళ్లే ఇలా చేశారంటే దాన్ని క్రమశిక్షణ సమస్యగా చూసి లాభం లేదు.

ఇక వెళ్లి చూడటం గురించి. మీ టీమ్‌లో కోడ్ రాసేవాళ్లు, స్క్రీన్లు గీసేవాళ్లు ఇద్దరూ ఒక పూర్తి షిఫ్ట్ గోడౌన్‌లో గడపాలి, అందులోనూ షిఫ్ట్ చివరి గంట తప్పకుండా ఉండాలి, ఎందుకంటే అలసట వచ్చాక చేతులు చేసేదే అసలు వాడకం. సూపర్‌వైజర్‌ను వెంటబెట్టుకుని వెళ్తే మాత్రం అందరూ ట్రైనింగ్‌లో చెప్పినట్టే చేసి చూపిస్తారు, మీకు ఒక్క ముక్కా తెలియదు. ముందే స్పష్టంగా చెప్పండి: చూస్తున్నది యాప్‌ని, మిమ్మల్ని కాదు, మేం రాసుకునే దాంట్లో ఎవరి పేరూ ఉండదు అని. తర్వాత ఆ మాట నిలబెట్టుకోండి. “యాప్ ఎలా ఉంది?” అని అడగకండి, “బాగానే ఉంది సార్” అంటారు. “ఇప్పుడేం చేయబోతున్నారు?”, “ఇక్కడ ఎందుకు ఆగారు?” అని అడగండి. కళ్లకన్నా చేతులను ఎక్కువ గమనించండి.

ఏం కనిపిస్తుందో నేను ఊహించి చెప్తాను, సరిపోలుతుందో లేదో మీరు చూసుకోండి. రెండు చేతులా పట్టాల్సిన బరువైన పెట్టె. దాన్ని ఎత్తాలంటే స్కానర్‌ను ట్రాలీ మీద పెట్టాలి. పెట్టెను అరలోకి తోశాక దాని లేబుల్ లోపలి వైపుకు పోయింది, మళ్లీ బయటికి లాగి తిప్పాలి. అప్పుడు స్కానర్ తీసుకుని పైకి చూస్తే అర లేబుల్ తల కన్నా రెండడుగుల పైన ఉంది, దాని మీద వేసిన నున్నటి టేపు లైటుకు మెరుస్తోంది, రెండుసార్లు కోణం మార్చాక బీప్ వచ్చింది. ఇప్పుడు సంఖ్య కొట్టాలి. గ్లౌజు తీయాలి. కీబోర్డు పైకి లేచి సేవ్ బటన్‌ను కప్పేసింది, దాన్ని దించాలి. సేవ్ నొక్కితే చక్రం తిరుగుతోంది. ఇంకా తిరుగుతోంది. నొక్కింది పడలేదేమోనని మళ్లీ నొక్కాడు. మీ లెక్కల్లో రెండుసార్లు పడుతున్న స్కాన్ ఇలా పుట్టిందే. ఒక్క పెట్టెకే ఇంత తతంగం ఉంటే, మిగతావి ట్రాలీ మీది కాగితం చూసి కొట్టేయాలనిపించడంలో వింతేముంది.

వరస చివర నిలబడి కొట్టడం గురించి నాకు ఒక గట్టి అనుమానం ఉంది: బహుశా సిగ్నల్ దొరికేది అక్కడే. గోడౌన్ ఖాళీగా ఉన్నప్పుడు వైఫై పరీక్షించి, అన్ని చోట్లా బాగుందని సంతకాలు పెట్టేస్తారు. తర్వాత ఇనుప ర్యాకుల నిండా సరుకు చేరుతుంది. లోహం తరంగాలను తిప్పికొడుతుంది, నీళ్లూ ద్రవాలూ ఉన్న పెట్టెలు పీల్చేసుకుంటాయి. ఒక స్కానర్ పట్టుకుని, సరుకు నిండుగా ఉన్న రోజున, ప్రతి వరస మధ్యలోకీ నడిచి చూడండి. సిగ్నల్ పెంచే పని ఎలాగూ చేయించండి, కానీ యాప్ మాత్రం నెట్ అసలు లేదనుకునే రాయాలి. స్కాన్ ముందు ఆ పరికరంలోనే భద్రంగా పడాలి, వర్కర్‌కు వెంటనే “పడింది” అని తెలియాలి, సర్వర్‌కు పంపడం వెనకాల జరగాలి. ప్రతి స్కాన్‌కూ పరికరంలోనే ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇవ్వండి, ఆ సంఖ్యతో అదే స్కాన్ మూడుసార్లు చేరినా సర్వర్ ఒక్కటిగానే లెక్కపెట్టాలి. ఇంకా వెళ్లని స్కాన్లు ఎన్ని ఉన్నాయో మూలన చిన్నగా చూపిస్తే చాలు.

ఒకేలాంటి పెట్టెలు రెండు నిజంగా ఉన్నప్పుడు ఎలా అని మీరు అడుగుతారు. పెట్టె మీద దానికంటూ ప్రత్యేక సంఖ్య ఉంటే, ఉదాహరణకు రవాణా పెట్టెలకూ ప్యాలెట్లకూ వేసే 18 అంకెల ఎస్‌ఎస్‌సీసీ ఉంటే, ఇబ్బందే లేదు. ఉత్పత్తి కోడ్ మాత్రమే ఉంటే అది ప్రతి పెట్టె మీదా ఒకటే, యాప్ తనంతట తాను తేల్చలేదు. అలాంటప్పుడు స్క్రీన్ నిండా పెద్ద అంకెలో ఇప్పటిదాకా ఎన్నో చూపండి, పక్కనే చివరి స్కాన్ వెనక్కి తీసుకునే బటన్ పెట్టండి. సేవ్ బటన్ పూర్తిగా తీసేయండి. స్కాన్ అయిందంటే సేవ్ అయినట్టే, తప్పైతే వెనక్కి తీసుకుంటారు. “ఖాయమేనా?” అని ప్రతిసారీ అడిగే యాప్‌లో జనం చూడకుండానే అవును నొక్కడం అలవాటు చేసుకుంటారు.

బీప్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చాలామంది పట్టించుకోరు. మీ స్కానర్ బీప్ కొట్టేది బార్‌కోడ్ చదవగలిగినప్పుడు. మీ యాప్ ఆ కోడ్‌ను ఒప్పుకుందా లేదా అన్నది దానికి తెలియదు. వర్కర్ మాత్రం బీప్ అంటే పని అయిపోయిందనే అనుకుంటాడు, అప్పటికే కళ్లు తర్వాతి పెట్టె మీదికి వెళ్లిపోయాయి, “ఈ అరకు చెందదు” అని మీరు స్క్రీన్ మీద ఎర్రగా రాసింది ఎవరూ చూడరు. అందుకని పరికరం సొంత బీప్‌ను సెట్టింగ్స్‌లో ఆపేసి, యాప్ పరిశీలించాకే శబ్దం వచ్చేలా చేయండి. ఒప్పుకుంటే ఒక చిన్న, సన్నటి శబ్దం. ఒప్పుకోకపోతే పూర్తిగా వేరే రకంది, బొంగురుగా, రెండుసార్లు. మోటార్ల హోరులో శబ్దం వినపడదు, చెవులకు రక్షణ పెట్టుకునేవాళ్లూ ఉంటారు కాబట్టి వైబ్రేషన్ కూడా రెండు రకాలుగా ఉండాలి. ఇదంతా పదోవంతు సెకను లోపు జరగాలి, అప్పుడే అది ట్రిగ్గర్ నొక్కిన చేతికి వచ్చిన జవాబులా అనిపిస్తుంది. జవాబు రావడం రెండు సెకన్లు దాటితే మనిషి ఆలోచన తెగుతుందని 1968లో పరిశోధకుడు రాబర్ట్ మిల్లర్ రాసిన దగ్గర్నుంచి డిజైనర్లు చెప్పుకుంటూనే ఉన్నారు. సర్వర్‌ను అడిగి జవాబు తెచ్చుకుంటే ఆ వేగం రాదు, అందుకే ఆ షిఫ్ట్‌కు కావాల్సిన అరల జాబితా, సరుకు జాబితా ముందే పరికరంలోకి దింపుకోవాలి.

ఇంకో చోట కూడా చూడండి. చాలా స్కానర్లు చదివిన కోడ్‌ను కీబోర్డు మీద టైప్ చేసినట్టు యాప్‌లోకి పంపుతాయి, కర్సర్ ఎక్కడుంటే అక్కడ పడుతుంది. సంఖ్య గడిలో కర్సర్ ఉండగా పొరపాటున ట్రిగ్గర్ నొక్కితే 13 అంకెల సంఖ్య స్టాక్‌గా నమోదవుతుంది. మీ డేటాలో నమ్మలేని పెద్ద సంఖ్యలు ఉన్నాయేమో వెతకండి, ఉంటే కారణం ఇదే కావచ్చు. స్కాన్‌ను గడిలోకి కాకుండా నేరుగా యాప్‌కు అందేలా మార్చండి, ఆండ్రాయిడ్ స్కానర్లలో ఆ ఏర్పాటు సాధారణంగా ఉంటుంది. అర లేబుళ్లన్నిటి ముందూ ఒకే అక్షరం పెడితే, వచ్చింది అర కోడా, పెట్టె కోడా అని యాప్‌కే తెలుస్తుంది, అప్పుడు వర్కర్ ఏది ముందు స్కాన్ చేసినా పర్లేదు. మీరు ఎందుకో అర ముందు, పెట్టె తర్వాత అని వరస పెట్టారు. చేతిలో పెట్టె ఉన్న మనిషికి సహజమైన వరస దానికి తలకిందులు.

ఇక నిండిపోయిన అరల కథ. సిస్టమ్ ఒక అరకు పొమ్మంది, వెళ్తే అక్కడ ఖాళీ లేదు. పక్క అరలో పెట్టాడు. పక్క అర స్కాన్ చేస్తే యాప్ ఒప్పుకోదు, ముందుకు పోనివ్వదు. వెనక ఇంకా ముప్పై పెట్టెలున్నాయి. అప్పుడేం చేస్తాడు? కాగితం మీద సిస్టమ్ అడిగిన అర కోడ్ కొడతాడు, యాప్ సంతోషంగా ఒప్పుకుంటుంది. అంటే నిజం చెప్తే ఆపేసి, అబద్ధం చెప్తే పోనిచ్చే యాప్ తయారు చేశారన్నమాట. అరలో ఉందన్న సరుకు లేకపోవడానికి ఇదే పెద్ద కారణమై ఉంటుందని నా అంచనా. కాబట్టి నిజంగా జరిగే వాటన్నిటికీ ఒక్క నొక్కుతో దారి ఉండాలి: అర నిండింది, లేబుల్ చిరిగింది, పెట్టె పగిలింది, సరుకు వేరేది వచ్చింది. “అర నిండింది, పక్క దాంట్లో పెట్టాను” అన్నది ఒక నొక్కు, ఒక స్కాన్‌తో అయిపోవాలి. అందుకు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగారో, మళ్లీ కాగితమే గతి. తప్పు చూపించే మాట కూడా మనిషి మాటలా ఉండాలి. “చెల్లని లొకేషన్” అంటే ఎవరికేం అర్థమవుతుంది? “ఈ పెట్టె బి 14 అరకు వెళ్లాలి” అంటే కాళ్లు అటు నడుస్తాయి. ఆ మాటలు వర్కర్లు చదివే భాషలో, వాళ్లు వస్తువులను పిలిచే పేర్లతో ఉండాలి.

యాప్ ఎంత బాగుపడినా లేబుల్ చదవలేకపోతే ఏమీ కాదు, కాబట్టి ర్యాకుల మీద కూడా చేయి వేయాలి. బార్‌కోడ్‌లో అన్నిటికన్నా సన్నటి గీత ఎంత వెడల్పుంటే అంత దూరం నుంచి చదవగలం, పై అరలకు చిన్న లేబుల్ వేస్తే కింద నిలబడి చదవడం కుదరదు. కోడ్‌కు రెండు వైపులా తెల్లటి ఖాళీ ఉండాలి, లేబుల్ పొదుపుగా కత్తిరించేవాళ్లు ముందు కోసేది దాన్నే. మెరిసే టేపు తీసేసి మెరుపు లేని లేబుళ్లు వేయండి. చాలా గోడౌన్లలో పై వరసల కోడ్లు కూడా కంటి ఎత్తున, ర్యాకు స్తంభం మీద ఒకదాని కింద ఒకటి అంటించి, వరసకో రంగూ పైకి చూపే బాణమూ పెడతారు. ఇది మంచి పద్ధతే, కాకపోతే పక్క కోడ్ చదివే ప్రమాదం ఉంటుంది కాబట్టి వాటి మధ్య ఎడం ఉంచి, స్కాన్ కాగానే వరస పేరు పెద్దగా కనపడేలా చేయండి. వర్కర్ల ఇబ్బంది విన్నందుకే పుట్టిన కోడ్ కూడా ఒకటుంది: ఒక్కో పెట్టె మీద అనేక బార్‌కోడ్లు చదవలేక ఫ్యాక్టరీ వర్కర్లు అలసిపోతుంటే జపాన్‌లోని డెన్సో కంపెనీలో మసాహిరో హారా బృందం 1994లో క్యూఆర్ కోడ్ తెచ్చింది. మీ పెట్టెల మీద సరుకు కోడ్, బ్యాచ్, గడువు తేదీ విడివిడిగా ఉంటే మూడూ ఒకే కోడ్‌లో పెట్టమని సరఫరాదారులను అడగండి, దానికి బార్‌కోడ్లకు అంతర్జాతీయ నియమాలు పెట్టే జీఎస్1 సంస్థ ప్రమాణాల్లో ఏర్పాటు ఉంది.

స్క్రీన్ గురించి తక్కువే చెప్తాను. చేయి చాచిన దూరం నుంచి చదవగలిగేంత అక్షరాలు, గ్లౌజు వేలితో నొక్కగలిగేంత బటన్లు (ఫోన్ యాప్‌ల బటన్లకు చెప్పే 48 డీపీ అనే కనీస కొలత ఇక్కడ చాలదు), అన్నీ బొటనవేలికి అందే కింది భాగంలో. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీదే ఆధారపడకండి, కొన్ని ప్రాంతాల జనాభాలో మగవాళ్లలో 12 మందిలో ఒకరి దాకా ఆ రెండిటినీ సరిగా వేరుచేయలేరు, రంగుతో పాటు గుర్తూ మాటా ఉండాలి. మీ గోడౌన్లలో శీతల గది ఉంటే దాన్ని విడిగా పరీక్షించండి: చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, బయటికి రాగానే స్కానర్ అద్దం మీద చెమ్మ పడుతుంది, అక్కడి మందపాటి గ్లౌజులతో టచ్ స్క్రీన్ అసలు పనిచేయకపోవచ్చు. స్టాక్ లెక్క చూసే స్క్రీన్‌లో మాత్రం సిస్టమ్‌లో ఎంత ఉందో ముందే చూపకండి, చూపిస్తే లెక్కపెట్టకుండా అదే అంకె కొట్టేస్తారు.

గంటకు ఎన్ని స్కాన్లు అన్నది చూపించడం గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను, అది హాని చేస్తుంది. ట్రాలీ దగ్గర నిలబడి కాగితం మీద కొట్టేవాడి స్కాన్లే గంటకు అందరికన్నా ఎక్కువ ఉంటాయి, పైకెక్కి అసలు లేబుల్ చదివేవాడు వెనకబడినట్టు కనిపిస్తాడు. మీరు ఏ అలవాటు మాన్పించాలనుకుంటున్నారో ఆ అలవాటుకే బహుమతి ఇస్తున్నట్టు. పైగా పక్కవాడి అంకె చూసి నిచ్చెన మీద తొందరపడితే పడిపోయేది మనిషి. వేగం కొలవాల్సిందే అంటే యాప్ వేగం కొలవండి: ట్రిగ్గర్ నొక్కాక చదవడానికి ఏ లేబుల్‌కు ఎంతసేపు పడుతోంది, ఏ అర దగ్గర ఎక్కువసార్లు వెనక్కి తీసుకుంటున్నారు, “అర నిండింది” ఎక్కడెక్కడ వస్తోంది. ఈ నివేదికలో మనుషుల పేర్లు అక్కర్లేదు. ఏం నమోదు చేస్తున్నారో వర్కర్లకు ముందే చెప్పండి, వాళ్లు అడిగి తెలుసుకునే దాకా ఆగకండి.

మూడో ట్రైనింగ్ వద్దు. దానికి బదులు, కొత్తగా చేరిన మనిషి చేతికి స్కానర్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పది పెట్టెలు సర్దమనండి. ఎక్కడ ఆగితే అక్కడ యాప్ మార్చండి. ఆ కాగితం మొదట ఎవరు తయారు చేశారో తెలిస్తే వాళ్లను, భయపెట్టకుండా, డిజైన్ చర్చల్లో కూర్చోబెట్టండి, పనిగంటల్లోనే, జీతం కోత లేకుండా. మీ గోడౌన్‌లో ఈ సమస్యను అందరికన్నా లోతుగా ఆలోచించింది వాళ్లే.

మేనేజర్‌తో వాదన పెట్టుకునే బదులు ఒక్క వరస ర్యాకులు అడిగి తీసుకోండి. అక్కడ లేబుళ్లు మార్చి, సేవ్ బటన్ తీసేసి, బీప్ సరిచేసి, “అర నిండింది” దారి పెట్టి, కొన్ని వారాలు నడపండి. ఆ వరసలోనూ మామూలు వరసలోనూ కొన్ని అరలు తీసుకుని సిస్టమ్ చెప్పే సరుకు నిజంగా ఉందో లేదో చేత్తో లెక్కపెట్టి పోల్చండి. ఆయనకు కావాల్సింది సరైన స్టాక్, ఫోటోలు కాదు. తేడా అంకెల్లో కనపడితే ఫోటో మాట ఆయనే వదిలేస్తారు. అప్పటికీ కాగితం వాడుతుంటే, ఇంకా ఏది కష్టంగా ఉందో అడగండి, లాక్కోకండి.

వేలికి తొడిగే స్కానర్ల విషయానికొస్తే, మీ సరుకు రెండు చేతులా ఎత్తేదైతే అవి నిజంగానే ఉపయోగపడతాయి, కానీ ఈ మార్పుల తర్వాతే. ఇప్పుడే కొంటే, సంఖ్య కొట్టడానికీ సేవ్ నొక్కడానికీ ఇంకో పరికరం తీయాల్సే వస్తుంది, చేతులు ఖాళీ అయ్యేది లేదు. కొనే ముందు ఒకటి రెండు ట్రయల్‌కు తెప్పించి, గ్లౌజుల మీద బిగుతుగా నిలుస్తాయా, పూర్తి షిఫ్ట్‌కు ఛార్జింగ్ వస్తుందా చూడండి. చేతులు మారే పరికరం కాబట్టి పట్టీ ఎవరిది వాళ్లకే ఇవ్వాలి, చెమట పట్టిన పట్టీ ఇంకొకరిని తొడుక్కోమనడం భావ్యం కాదు. ఎడమచేతి వాటం వాళ్లు ఎందరున్నారో కూడా అడిగి పెట్టుకోండి, కొన్ని మోడళ్లలో ట్రిగ్గర్‌ను అటు వైపుకు మార్చుకోవచ్చు, కొన్నింట్లో కుదరదు.